రివాల్వర్ లోపలి తాళం కాల్పుల మధ్యలో దానంతట అదే పడిపోతుందా?

రాజాం నుంచి ఒక రైసు మిల్లు యజమాని గారు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. హ్యూస్టన్‌లో ఉంటున్న వారి అబ్బాయి ఆత్మరక్షణ కోసం స్మిత్ అండ్ వెసన్ వారి 360 పీడీ అనే తేలికపాటి .357 మాగ్నమ్ రివాల్వర్‌ను, ఇంతకుముందు వేరొకరు వాడినదాన్ని, కొన్నాడు. దాని ఫ్రేమ్ లోపలే ఒక తాళం అమర్చి ఉంది. కాలుస్తుండగా ఆ తాళం దానంతట అదే పడి రివాల్వర్ బిగుసుకుపోతుందని, వెంటనే విప్పి తీసెయ్యమని తోటి ఉద్యోగులు చెబుతున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడు కాబట్టి తాళం ఉండి తీరాలని కోడలు అంటోంది. ఇక్కడ తండ్రి గారు కూడా తమ పాత .32 స్థానంలో కొత్తది తీసుకోవాలనుకుంటున్నారు. లోపలి తాళం ఉన్న రివాల్వర్‌ను నమ్మవచ్చా, అబ్బాయి దానిలోని తాళాన్ని తీయించాలా అనేది వారి సందేహం.

ముందుగా జవాబు చెబుతాను. ఆ తాళం కాల్పుల మధ్యలో పడటం కట్టుకథ కాదు, అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. అయితే అవి అరుదు, దాదాపుగా బరువు బాగా తక్కువగా ఉన్న రివాల్వర్‌లో బాగా బలమైన తూటా వేసి కాల్చినప్పుడే కనిపిస్తాయి. మీ అబ్బాయి కొన్నది సరిగ్గా ఆ కోవకు చెందినదే కాబట్టి అతని అనుమానం న్యాయమైనదే. అయినా దానికి మందు ఇంట్లో కూర్చుని తాళం పీకెయ్యడం కాదు. అందులో మాగ్నమ్ తూటాలకు బదులు, అదే రివాల్వర్‌లో ఇమిడే, బలం తక్కువైన .38 స్పెషల్ తూటాలు వాడాలి, తాను నింపి ఉంచుకోబోయే తూటాలతోనే దాన్ని పరీక్షించాలి, ఆ పరీక్షలో తాళం ఒక్కసారి కదిలినా ఆ రివాల్వర్‌ను ఆత్మరక్షణకు పక్కన పెట్టెయ్యాలి. పిల్లవాడి భద్రతను మాత్రం ఈ తాళానికి ఎట్టి పరిస్థితిలోనూ అప్పగించకూడదు. మీరు తీసుకోబోయే .32 విషయంలో ఈ భయమే అక్కర్లేదు, కారణం కింద వివరిస్తాను.

నేను విజయనగరంలో జిల్లా పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చేసేవాడిగా, పని నేర్చుకున్నాను. తర్వాత టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల మరమ్మతు దుకాణంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు మళ్లీ విజయనగరంలోనే ఉంటున్నాను. ఈ తాళం ఉన్న రివాల్వర్లను అక్కడ స్వయంగా విప్పి చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ఆ రివాల్వర్‌ను ఎడమ వైపు నుంచి చూస్తే, తూటాలు నింపే సిలిండర్‌ను తెరవడానికి బొటనవేలితో నొక్కే మీటకు కాస్త పైన ఒక చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన చిన్న తాళంచెవిని అందులో పెట్టి తిప్పితే లోపల క్యామ్ అనే ఒక చిన్న ముక్క తిరిగి, హ్యామర్‌కు (తూటాను పేల్చే దెబ్బ కొట్టే సుత్తి లాంటి భాగం) ఎడమ పక్కన ఉన్న పల్చటి ఉక్కు రేకును పైకి లేపుతుంది. ఈ రేకును అక్కడ అందరూ ఫ్లాగ్ అంటారు. రేకు మీద ఉన్న చిన్న బొడిపె హ్యామర్ పక్కభాగంలో తొలిచిన గాడిలో కూర్చుంటుంది. ఇక హ్యామర్ వెనక్కి రాదు, హ్యామర్ రాకపోతే ట్రిగ్గర్ కూడా కదలదు. తాళం తీసినప్పుడు రేకు కిందికి దిగి, దాన్ని కిందే నిలిపి ఉంచడానికి అమర్చిన ఒక సన్నటి తీగ స్ప్రింగ్ ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. ఈ వివాదమంతా చివరికి ఆ సన్నటి స్ప్రింగ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

తూటా పేలినప్పుడు రివాల్వర్ ఒక్కసారిగా వెనక్కీ పైకీ తన్నుతుంది, మరుక్షణంలోనే అరచేతిలో ఆగిపోతుంది. ఫ్రేమ్‌కు గట్టిగా బిగించి లేని భాగాలేవీ ఫ్రేమ్‌తో పాటు అదే వేగంతో కదిలి అదే క్షణంలో ఆగవు. ఆర్టీసీ బస్సు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు నిలబడి ఉన్నవాళ్లు ముందుకు తూలినట్టే ఆ రేకు కూడా తన స్థానం నుంచి తూలడానికి ప్రయత్నిస్తుంది. స్ప్రింగ్ బలంగా ఉంటే దాన్ని ఆపుతుంది. స్ప్రింగ్ బలహీనంగా ఉన్నా, సరిగ్గా కూర్చోకపోయినా, తన్ను మరీ తీవ్రంగా ఉన్నా రేకు కొంచెం పైకి లేస్తుంది. పూర్తిగా లేస్తే హ్యామర్ బిగుసుకుపోతుంది, సగం లేస్తే హ్యామర్ పక్కన రాసుకుంటూ ట్రిగ్గర్ బరువెక్కుతుంది.

బరువు ఇక్కడ ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో చూపిస్తాను. మీ అబ్బాయి రివాల్వర్ స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్‌తో సుమారు 340 గ్రాములు మాత్రమే ఉంటుంది. అదే కంపెనీ చేసే .44 మాగ్నమ్ 329 పీడీ సుమారు 710 గ్రాములు. పాతకాలపు ఉక్కు ఫ్రేమ్ .38 మోడల్ 10 దాదాపు ఒక కిలో ఉంటుంది. బుల్లెట్ బరువు, దాని వేగం, తుపాకీ మందు బరువు తీసుకుని రివాల్వర్ ఎంత వేగంతో వెనక్కి తన్నుతుందో లెక్క వేస్తే, 340 గ్రాముల రివాల్వర్‌లో .357 మాగ్నమ్ పేలినప్పుడు వచ్చే వేగం, మన దేశంలో దొరికే 700 గ్రాముల .32 రివాల్వర్‌లో వచ్చేదానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా ఇంకా చాలా ఎక్కువ. తాళం పడిందన్న ఫిర్యాదులు తేలిక రకాల చుట్టూనే గుమికూడటానికి కారణం ఇదే. ఉక్కు ఫ్రేమ్ ఉన్న, తాళం కూడా ఉన్న .38లు, .357లు వేల తూటాలు కాల్చినా రేకు కదలకుండా పనిచేయడం నేను చూశాను. వాటి గురించి అడిగినవారికి నేను ఎప్పుడూ నిశ్చింతగా ఉండమనే చెప్పాను.

ఈ విషయం మీద చదివే రాతల్లో కోపం ఎక్కువగా ఎందుకు ఉంటుందో కూడా తెలుసుకోవాలి. 2000 మార్చిలో, బ్రిటన్‌కు చెందిన టామ్‌కిన్స్ యాజమాన్యంలో ఉన్నప్పుడు, స్మిత్ అండ్ వెసన్ క్లింటన్ ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. తుపాకులకు లోపలి తాళాలు అమర్చాలన్నది అందులో ఒక షరతు. దాంతో అమెరికాలో కొనుగోలుదారులు కంపెనీని బహిష్కరించారు, వ్యాపారం పడిపోయింది, 2001 మేలో అరిజోనాకు చెందిన సేఫ్-టి-హ్యామర్ అనే భద్రతా తాళాల కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాతే ఈ తాళం రివాల్వర్లలోకి వచ్చింది. మేరీలాండ్ రాష్ట్రంలో 2003 నుంచి అమ్మే కొత్త చేతి తుపాకులకు లోపలి తాళం ఉండాలని చట్టమే ఉంది. కాబట్టి చాలామందికి ఆ రంధ్రం ఒక యంత్రభాగంగా కాక, తమ మీద రుద్దిన నిర్ణయానికి గుర్తుగా కనిపిస్తుంది. ఆ కోపం ఎంత సహజమైనదైనా, స్ప్రింగ్ పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు అది సమాధానం కాదు. అలాగే, కోపంతో రాశారు కాబట్టి అన్నీ అబద్ధాలేనని కొట్టిపారేయడం కూడా తప్పే.

లోపలి తాళాలన్నీ ఒకే రకం కాదని కూడా గుర్తుంచుకోవాలి. బ్రెజిల్‌కు చెందిన టారస్ 1997 నుంచి తన రివాల్వర్లలో హ్యామర్ వెనక భాగంలోనే తాళం పెట్టింది. అమెరికాకు చెందిన రూగర్ కొన్ని మోడళ్లలో గ్రిప్ (పిడి) కింద దాచింది. ఒక రకం తాళం గురించి విన్న ఫిర్యాదును మరో రకానికి అంటగట్టకూడదు.

ఇక నా బల్ల మీదికి వచ్చిన కేసులు చెబుతాను. కంపెనీల పేర్లు ఇక్కడ అవసరం లేదు.

ఒకాయన తేలికపాటి .44 మాగ్నమ్ తీసుకొచ్చి, తాళం పడిపోయిందని, నాలుగు రౌండ్లు కాల్చాక ట్రిగ్గర్ కదలడం లేదని చెప్పాడు. హ్యామర్ పక్కన చూస్తే రేకు కిందే ఉంది. గొట్టం ఇసుక పెట్టె వైపు ఉండేలా బిగించి, పక్క నుంచి టార్చి వేసి సిలిండర్ ముందు అంచును చూశాను. తూటా కూర్చునే ఒక గదిలోంచి బుల్లెట్ మొన బయటికి పొడుచుకు వచ్చి ఫ్రేమ్‌కు తగులుతోంది. రివాల్వర్ తన్నినప్పుడు, ఇంకా కాల్చని తూటాల్లో ఇత్తడి కేసు రివాల్వర్‌తో పాటు వెనక్కి లాగబడి, బరువైన బుల్లెట్ ఉన్నచోటే ఉండిపోవడం వల్ల అది కేసులోంచి కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది. అలా జరిగి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. తాళం పడిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో ఎక్కువ శాతం తాళం వల్ల ఆగినవి కావు. జారిన బుల్లెట్లు, కేసు అడుగు నుంచి పైకి లేచి ఉన్న క్యాపులు (మందును అంటించే ప్రైమర్లు), ఖాళీ కేసులను బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద చేరిన కాలని మందు రేణువులు, ఆ నక్షత్రాన్ని నెట్టే ఎజెక్టర్ రాడ్ వదులై ముందుకు జరగడం, గ్రిప్ ముందు భాగంలో హ్యామర్ స్ప్రింగును బిగించే స్క్రూ సడలడం వల్ల తూటా పేలకపోవడం (మిస్‌ఫైర్లు), ఇవన్నీ తాళం ఖాతాలో పడేవి. తేలిక రివాల్వర్ ఆగిపోగానే యజమాని కళ్లు మొదట ఆ రంధ్రం వైపే వెళ్లడం సహజం.

రెండో కేసులో నిజంగానే రేకు లేచింది. అయితే లోపలి భాగాలను మూసి ఉంచే పక్క పలక స్క్రూల గాళ్లు చెదిరిపోయి ఉన్నాయి, అంటే ఎవరో సరైన స్క్రూ డ్రైవర్ లేకుండా దాన్ని విప్పారు. విప్పి చూస్తే తీగ స్ప్రింగ్ ఒక కొస తన చిన్న రంధ్రంలో కాకుండా పక్కన ఆనుకుని ఉంది. తాళాన్ని తీసెయ్యాలని మొదలుపెట్టి, మధ్యలో మానుకుని, ఇష్టం వచ్చినట్టు తిరిగి బిగించారు. మీ అబ్బాయిది వాడిన రివాల్వర్ కాబట్టి, ఆ స్క్రూల తలలను భూతద్దంతో చూడమని తప్పకుండా చెప్పండి. గాళ్ల అంచులు పదునుగా ఉండాలి. నలిగి ఉంటే దాన్ని కాల్చకుండా ముందు గన్‌స్మిత్ (తుపాకుల మరమ్మతుదారు) దగ్గరికి తీసుకెళ్లాలి.

మూడో కేసు నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. ఎవరూ విప్పని తేలిక రివాల్వర్, పూర్తి బలం ఉన్న మాగ్నమ్ తూటాలు, ఒకే రోజు రేంజిలో రెండుసార్లు ట్రిగ్గర్ మధ్యలో బరువెక్కి ఆగింది. రేకు సగం లేచి ఉంది. హ్యామర్‌ను బయటికి తీసి చూస్తే ఎడమ చెంప మీద నల్ల పూత చెరిగి, వెంట్రుకంత సన్నటి మెరిసే గీత ఒకటి ఉంది, రేకు ఎక్కడ రాసుకుందో అది స్పష్టంగా చూపిస్తోంది. స్ప్రింగులో కంటికి కనిపించే లోపం లేదు. దాన్ని తయారీదారుకే పంపమన్నాను, వాళ్లు భాగాలు మార్చి పంపారు. ఆ తర్వాత మధ్యస్థ బలం ఉన్న తూటాలతో అది ఆగలేదు. అయినా యజమాని దాన్ని ఆత్మరక్షణకు వాడనని అన్నాడు, నేను ఆయన్ని వారించలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతిలో ఉండాల్సిన యంత్రం మీద ఒకసారి నమ్మకం పోయాక, దాన్ని తిరిగి నమ్మమని ఎవరినీ ఒప్పించాల్సిన పని లేదు.

ఇప్పుడు తాళం తీసెయ్యడం గురించి. రేకును తీసేసి, రంధ్రానికి చిన్న బిరడా పెట్టడం అమెరికాలో చాలామంది చేస్తున్న పనే. అక్కడి చట్టం సాధారణంగా యజమాని తన తుపాకీలో మార్పు చేసుకోవడాన్ని నేరంగా చూడదు. కానీ ఆ రివాల్వర్‌తో ఏదైనా ఘటన జరిగితే, ఇతను కంపెనీ పెట్టిన భద్రతా పరికరాన్ని కావాలని తొలగించాడని ఎదుటి న్యాయవాది కోర్టులో అనడం ఖాయం. దాన్ని ఎదుర్కోవడం అసాధ్యం కాకపోవచ్చు, కానీ చిన్న పిల్లవాడు ఉన్న ఇంట్లో ఆ మాటకు బరువు ఇంకా ఎక్కువ. తాళం లేకుండానే వచ్చే మోడళ్లు బజారులో ఉన్నప్పుడు ఈ తలనొప్పి ఎందుకు తెచ్చుకోవాలి? అదే కంపెనీ హ్యామర్ లోపల దాగి ఉండే 442, 642 రకాలను తాళం లేకుండా చాలా ఏళ్లుగా అమ్ముతోంది. అవి అల్యూమినియం ఫ్రేమ్‌తో 400 గ్రాములకు కాస్త పైన ఉండే .38 స్పెషల్ రివాల్వర్లు. ఆత్మరక్షణకు కొత్తగా కొనేవారు ఎవరైనా నన్ను అడిగితే తాళం లేనిదే తీసుకోమంటాను. అవసరం లేని కదిలే భాగం ఒకటి తగ్గితే ఆ మేరకు చెడే అవకాశం కూడా తగ్గుతుంది. కానీ ఇప్పటికే కొన్నదాన్ని పాడు చేసుకోవడం కంటే మార్చుకోవడం మేలు.

ఇంట్లో విప్పేవారి విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరొకటి ఉంది. తాళం వేరు, హ్యామర్ బ్లాక్ వేరు. పక్క పలక తీస్తే లోపల ఒక సన్నటి వంపు తిరిగిన ఉక్కు పట్టీ కనిపిస్తుంది, అదే హ్యామర్ బ్లాక్. ట్రిగ్గర్ నొక్కనంతసేపూ అది హ్యామర్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య అడ్డుగా నిలబడి, రివాల్వర్ కింద పడినా పేలకుండా కాపాడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, అమెరికా నౌకాదళంలో ఒక విక్టరీ మోడల్ రివాల్వర్ కింద పడి పేలి ఒక నావికుడు చనిపోయాక ఈ పట్టీని ఇప్పుడున్న రూపంలో మళ్లీ రూపొందించారు. విప్పినప్పుడు అది జారి బల్ల మీద పడుతుంది, తిరిగి బిగించడం కొంచెం చిరాకు. అది కూడా ఆ తాళం తాలూకు భాగమేననుకుని పక్కన పడేసిన రివాల్వర్‌ను నేను చూశాను. ట్రిగ్గర్ అంతకుముందు కంటే మృదువుగా ఉందని యజమాని సంతోషంగా చెప్పాడు. అది నింపి నడుముకు పెట్టుకుని తిరుగుతున్నాడు. రూగర్ వంటి రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ చేసే పని కూడా ఇలాంటిదే, దాన్ని కూడా ఎవరూ ముట్టుకోకూడదు.

మీ కోడలి ఆందోళన గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని నా అభిప్రాయం. ఆమె అడుగుతున్నది న్యాయం, కానీ ఆమె నమ్ముతున్న వస్తువు ఆ పని చేయదు. లోపలి తాళం వేస్తే రివాల్వర్ అవసరానికి పనికిరాదు. అర్ధరాత్రి చీకట్లో అంత చిన్న రంధ్రంలో తాళంచెవి పెట్టడం ఎవరికైనా కష్టం. అందువల్ల కొన్నాళ్లకు యజమాని తాళం వేయడం మానేస్తాడు, కానీ తాళం ఉందనే ధీమా మాత్రం ఇంట్లో అందరికీ మిగిలిపోతుంది. పైగా ఆ కంపెనీ తాళంచెవులు ఒక్కో రివాల్వర్‌కు ఒక్కోటి ఉండవు, ఒకదానిది మరొకదానికి సరిపోతుంది. దొంగను కూడా అది ఆపదు. నాలుగేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో కావలసింది మంచం పక్కన గోడకో చెక్కకో బోల్టులతో బిగించిన ఒక చిన్న ఉక్కు పెట్టె, వేళ్లతో మీటలు నొక్కితే క్షణాల్లో తెరుచుకునే రకం. రివాల్వర్ ఒంటి మీద ఉండాలి, లేదా ఆ పెట్టెలో ఉండాలి. దిండు కింద, అల్మారా పైన, కారు సీటు కింద అనే మూడో చోటు ఉండకూడదు. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలెయ్యడం టెక్సాస్ చట్టం ప్రకారం కూడా నేరమే. ఈ పెట్టె వస్తే భార్యాభర్తల మధ్య తాళం గురించిన వాదన చాలావరకు దానంతట అదే తీరిపోతుంది.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, ఇది అబ్బాయికి యథాతథంగా పంపండి.

ముందు రివాల్వర్‌ను ఖాళీ చేసి, సిలిండర్‌లోని గదులన్నీ కంటితోనూ వేలితోనూ చూసి, తూటాలను ఇంట్లో మరో గదిలో పెట్టాలి. తాళంచెవితో తాళం వేసి తీసి చూడాలి. రెండు వైపులా స్పష్టమైన క్లిక్ వినిపించాలి, మధ్యలో ఎక్కడా వదులుగా తేలకూడదు. తర్వాత తాళం తీసిన స్థితిలో ఉంచి, హ్యామర్ ఎడమ పక్కన కనిపించే రేకు పై అంచు నుంచి ఫ్రేమ్ మీదికి సన్నటి మార్కర్‌తో ఒకే గీత గీయాలి. రేకు కదిలితే ఆ గీత రెండు ముక్కలుగా విడిపోతుంది. నాకు తెలిసిన పరీక్షల్లో ఇంత చవకైనదీ ఇంత నిజం చెప్పేదీ మరొకటి లేదు. రేంజిలో ప్రతి సిలిండర్ కాల్చాక గీతను చూసుకోవాలి.

మొదట .38 స్పెషల్ సాధారణ తూటాలతో ఒక వంద, తర్వాత తాను నింపి ఉంచుకోబోయే తూటాలతో కనీసం యాభై కాల్చాలి. అన్నీ రెండు చేతులతో హాయిగా నిలబడి కాల్చవద్దు. ఎడమ చేత్తో, వదులుగా పట్టుకుని కూడా కొన్ని కాల్చాలి, ఎందుకంటే పట్టు సడలినప్పుడు రివాల్వర్ ఎక్కువగా ఎగురుతుంది, ఆపదలో పట్టు ఎప్పుడూ రేంజిలో ఉన్నట్టు ఉండదు. ఇదే సమయంలో బుల్లెట్ జారుతుందా అన్నది కూడా చూడాలి. ఐదు తూటాల్లో ఒకదాని పొడవును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గుర్తుపెట్టుకుని, మిగతా నాలుగు కాల్చి, దాన్ని బయటికి తీసి మళ్లీ కొలవాలి. పొడవు పెరిగితే ఆ తూటా ఆ రివాల్వర్‌కు పనికిరాదు.

.38 స్పెషల్ ఎందుకు అంటున్నానంటే, అంత తేలిక రివాల్వర్‌లో అది .357తో పోలిస్తే తన్ను శక్తిని సగానికి పైగా తగ్గిస్తుంది. రేకు మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, బుల్లెట్ జారే ప్రమాదం తగ్గుతుంది, రెండో గుండు గురికి దగ్గరగా తగులుతుంది. 340 గ్రాముల రివాల్వర్‌లో పూర్తి మాగ్నమ్ కాల్చి అరచేయి చచ్చుబడినవారు రెండోసారి రేంజికి రావడమే మానేస్తారు, సాధన లేకపోవడం తాళం కంటే పెద్ద లోపం. .38 ఎక్కువగా కాల్చాక గదుల్లో ముందు భాగాన మసి వలయం పేరుకుంటుంది, దాన్ని బ్రష్‌తో శుభ్రం చేస్తుండాలి.

కాలుస్తుండగా నిజంగానే బిగుసుకుపోతే గొట్టాన్ని గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే తూటా ఉండవచ్చు. తర్వాతే సిలిండర్ తెరవాలి. తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా రేంజి అధికారిని పిలవాలి. రేకు పైకి లేచి ఉందా, బుల్లెట్ పొడుచుకు వచ్చిందా అన్నది ఏమీ కదపకముందే ఫోనుతో ఫోటో తీసుకుంటే, తర్వాత ఏ గన్‌స్మిత్ అయినా పది నిమిషాల్లో కారణం చెప్పగలడు.

ఇక మీ సంగతి. మన దుకాణాల్లో లైసెన్సుదారుకు మామూలుగా చూపించేవి దేశంలో తయారైన .32లే. కాన్పూర్‌లో 2014లో వచ్చిన నిర్భీక్ సుమారు 500 గ్రాములు, 2023 ఆగస్టులో అక్కడే ప్రభుత్వ ఆయుధాల కంపెనీ ఏడబ్ల్యూఈఐఎల్ విడుదల చేసిన ప్రబల్ సుమారు 700 గ్రాములు, దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. .32 తూటా చాలా మృదువైనది. దాని తన్నుకు, సరిగ్గా అమర్చిన ఏ తాళమూ తనంతట తాను పడదు. కాబట్టి మీకు నచ్చిన రివాల్వర్‌లో ఏదైనా తాళం లేదా సేఫ్టీ మీట ఉందన్న ఒక్క కారణంతో దాన్ని తిరస్కరించవద్దు. డీలర్ దగ్గరే ఖాళీ రివాల్వర్‌తో దాన్ని పదిసార్లు వేసి తీసి, ప్రతిసారీ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి చూడండి. గట్టిగా ఆగకుండా ఒకే తీరుగా పనిచేస్తే చాలు.

అయితే ఆ మృదువైన తూటా చేయలేని పనిని, అంటే రివాల్వర్‌ను బిగించెయ్యడాన్ని, మన తీరపు గాలి చేయగలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసిన బిగుసుకుపోయిన రివాల్వర్లలో దాదాపు అన్నిటికీ కారణం తుప్పు, ఎండి జిగురైన నూనె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస మీదుగా పోయిన తర్వాత వచ్చిన ఆయుధాలను పరిశీలించినప్పుడు, తడిసిన తోలు హోల్‌స్టర్లలో వారాల తరబడి ఉంచినవే ఎక్కువగా పాడయ్యాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికల కోడ్ వచ్చి పోలీసు స్టేషనులో జమ చేసి తెచ్చుకున్నాక కూడా అలాగే లోపల పెట్టెయ్యవద్దు. హ్యామర్ వెనక్కి లాగి ఆ సందులోకి టార్చి వేసి చూడండి, ఎర్రటి పొడి కనిపిస్తే డీలర్ దగ్గర శుభ్రం చేయించండి. చిందీకి పల్చగా నూనె అద్ది తుడవండి, నూనె ధారగా పోయవద్దు. అది క్యాపుల్లోకి దిగి మిస్‌ఫైర్లు తెస్తుంది.

మీ రివాల్వర్‌లో తాళం ఇబ్బంది పెట్టినా ఊళ్లో లేతు మిషను ఉన్న మేస్త్రీ చేత విప్పించవద్దు. 1959 ఆయుధాల చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం ఆయుధాల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. అమెరికాలో మీ అబ్బాయికి ఉన్న వెసులుబాటు ఇక్కడ మీకు లేదు. లైసెన్సు ఉన్న డీలర్‌కు లేదా తయారీ కంపెనీకి రశీదు తీసుకుని అప్పగించండి, ఏ భాగం మార్చారో దాని మీద రాయించుకోండి. మీరు దరఖాస్తుతో పాటు ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటానని సంతకం చేసి ఇచ్చే హామీ కూడా ఒట్టి కాగితం కాదు కాబట్టి, మిల్లు ఆఫీసులోని క్యాష్ బీరువాలో గుమస్తాకు కూడా తాళంచెవి ఉండేచోట కాకుండా, ఇంట్లో మీ ఒక్కరి చేతిలోనే తాళంచెవి ఉండే ఉక్కు పెట్టెను రివాల్వర్‌తో పాటే కొని గోడకు బిగించండి.